కోయ వీరుడు కారం తమ్మన్నదొర

ఈ నెల మన గోడపత్రికలో ఒక వీరుని జీవితం రాస్తున్నాను. ఆయన పేరు కారం తమ్మన్నదొర. మన కోయవాడు. మన హాస్టల్లో కూడా కారం ఇంటిపేరు వాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళు కొంచెం ఎక్కువ శ్రద్ధగా చదవాలి.

రంప అనే మాట వినగానే మనకు అల్లూరి సీతారామరాజు గుర్తుకు వస్తాడు. ఆయన పోరాటం 1922 నుంచి 1924 వరకు జరిగింది. ఆయన గొప్ప వీరుడు, అందులో అనుమానం లేదు. కానీ దానికి నలభై ఏండ్ల ముందే అదే కొండల్లో ఇంకొక పెద్ద తిరుగుబాటు అయింది. దానిని 1879 రంప పితూరీ అంటారు. పితూరీ అంటే తిరుగుబాటు. దానిని నడిపింది మన ఆదివాసీలే. సీతారామరాజు అప్పటికి పుట్టనే లేదు. తమ్మన్నదొర ఆ పితూరీ నాయకుల్లో ఒకడు, చివరి వరకు నిలబడినవాడు.

ఆ నేల ఎక్కడిది

ముందు ఊర్లు చెప్తాను. భద్రాచలం నుంచి గోదావరి వెంట కిందికి పోతే కూనవరం వస్తుంది. అక్కడ శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఇంకా కిందికి పోతే వర రామచంద్రపురం, రేకపల్లి, వడ్డిగూడెం. ఆ తర్వాత పాపికొండలు. ఆ కొండలకు తూర్పు దిక్కున ఉన్నదే రంప దేశం. చోడవరం అందులో ముఖ్యమైన ఊరు. దానినే ఇప్పుడు రంపచోడవరం అంటున్నాం. శబరి వెంట పైకి పోతే చింతూరు, కొంట, మోటు వస్తాయి. మోటు దగ్గర సీలేరు వచ్చి శబరిలో కలుస్తుంది. అక్కడి నుంచి మల్కనగిరి నేల మొదలవుతుంది. అది ఇప్పుడు ఒడిశా రాష్ట్రం. తమ్మన్నదొర నడిచిన నేల ఇదంతా. మన పిల్లల్లో చాలామందికి ఈ ఊళ్ళల్లో మేనత్తలు, మేనమామలు ఉన్నారు. మనకు అది ఒకటే అడవి. కాగితం మీద గీతలు గీసింది వేరే వాళ్ళు.

ఆ గీతలు ఎన్నిసార్లు మారినయో చూడండి. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు నైజాం నుంచి 1860లో ఇంగ్లీషు వాళ్ళకు పోయినాయి. వాళ్ళు వాటిని మధ్య పరగణాలలో కలిపినారు. 1874లో అక్కడి నుంచి తీసి మద్రాసు రాజధానిలో, గోదావరి జిల్లాలో కలిపినారు. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో కూనవరం, వర రామచంద్రపురం, చింతూరు ఆంధ్రప్రదేశ్‌కు పోయినాయి. ఇన్నిసార్లు గీత కదిలింది గానీ గూడెం మాత్రం ఉన్నచోటనే ఉంది. గీత కదిలినప్పుడల్లా చట్టం మారుతుంది, పన్ను మారుతుంది. 1879లో గొడవ రావడానికి ఇది కూడా ఒక కారణం. అది ముందు ముందు చెప్తాను.

కల్లు చెట్టు మీద పన్ను

రంప దేశంలో గూడేలను ముఠాలుగా పంచుకొని ఉండేవారు. ముఠా అంటే కొన్ని గూడేల కూటమి. దాని పెద్దను ముఠాదారు అంటారు. అందరి మీద మన్సబుదారు అనే రాజు ఉండేవాడు. ఇంగ్లీషు వాళ్ళు 1813లో అప్పటి మన్సబుదారుతో ఒప్పందం చేసుకున్నారు. కొండల్లో గొడవ లేకుండా చూసుకుంటే తమకు కప్పం కట్టనక్కర లేదన్నారు. ఆయన 1835లో చనిపోయినాడు. 1848లో ఆయన కొడుకును మన్సబుదారుగా కూర్చోబెట్టినారు. ఈ కొత్త మన్సబుదారు ముఠాదారుల హక్కులు లాగుకున్నాడు, జనం మీద పన్నులు పెంచినాడు. అందుకే 1879 కంటే ముందు కూడా రంపలో చిన్న చిన్న పితూరీలు అయినాయి.

అన్నిటికంటే మంట పుట్టించింది కల్లు మీద పన్ను. హాస్టల్ గోడ మీద కల్లు గురించి రాస్తే వార్డెన్ మేడం గారు కోప్పడతారేమో అని భయపడ్డాను. కానీ ఇది తాగుడు కథ కాదు, తిండి కథ. మన పెద్దవాళ్ళను అడగండి. ఎండాకాలం వస్తే ఇంట్లో గింజలు అయిపోయేవి. మళ్ళీ పంట వచ్చేదాకా ఇప్పపువ్వు, మామిడి టెంకల జావ, దుంపలు, తాటి కల్లు, జీలుగు కల్లు మీదనే బతికేవారు. కల్లు చెట్టు అంటే గూడేనికి పాలిచ్చే ఆవు లాంటిది. అయ్య తన కొడుక్కి ఫలానా చెట్టు నీది అని పంచి ఇచ్చేవాడు.

అటువంటి చెట్టు మీద మన్సబుదారు చిగురుపన్ను వేసినాడు. అంటే చెట్టు గీసుకుంటే పన్ను. ఆ పైన ఇంగ్లీషు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ చట్టం తెచ్చింది. ఇంటి వాడకానికి గీసుకున్నా గుత్తేదారు దగ్గర హక్కు తీసుకోవాలన్నారు. గుత్తేదారు అంటే పైకం కట్టి వసూలు హక్కు పట్టుకున్నవాడు. ఆ గుత్తేదారులు కింది మైదానం నుంచి వచ్చినారు. తాత నాటిన చెట్టు ఎక్కడానికి ఊరు తెలియనివాడికి డబ్బు కట్టాలంటే ఎవరికైనా కోపం రాదా? కట్టకపోతే పోలీసులు వచ్చేవారు. వచ్చినవారు కోళ్ళు, మేకలు, బియ్యం ఉత్తగనే పట్టుకుపోయేవారు.

కాగితం దెబ్బ

ఇంకొక బాధ కాగితం. మైదానం నుంచి షావుకార్లు ఉప్పు, గుడ్డలు పట్టుకొని కొండల్లోకి వచ్చేవారు. బదులుగా చింతపండు, అడవి సరుకు ఇస్తామని మనవాళ్ళ చేత కాగితం మీద ఒప్పందం చేయించుకునేవారు. ఆ కాగితంలో ఏముందో వేలిముద్ర వేసినవానికి తెలియదు. తర్వాత షావుకారు కింద కోర్టులో దావా వేసేవాడు. కోర్టు ఎక్కడో దూరాన ఉండేది. మనవాడు అక్కడికి పోలేడు, పోయినా ఆ భాష అర్థం కాదు. అందుకని మనవాడు లేకుండానే తీర్పు అయిపోయేది. ఒకరోజు జవాన్లు వచ్చి ఎడ్లను తోలుకుపోతేనే తీర్పు అయిన సంగతి ఇంటివాళ్ళకు తెలిసేది.

ఈ సంగతి చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మా ఇంట్లో సంతకం పెట్టడం వచ్చినదాన్ని నేనే మొదటిదాన్ని. మా తాత కూడా ఒకసారి ఎరువుల అప్పు కాగితం మీద వేలిముద్ర వేసినాడు. అందులో ఎంత రాసి ఉందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. 1879లో మన ముందువాళ్ళు బాణాలు పట్టుకున్నది తుపాకుల మీద మాత్రమే కాదు, అటువంటి కాగితాల మీద కూడా అని నాకు అనిపించింది.

1879 మార్చి

1879 మార్చి నెలలో రంప కొండలు లేచినాయి. ముఠాదారులు, వారి గూడేల జనం ఒక్కటైనారు. చోడవరంలో ఉన్న అధికారులను, పోలీసులను చుట్టుముట్టినారు. ద్వారబంధాల చంద్రయ్య, పులికంట సాంబయ్య, అంబుల్ రెడ్డి, కారం తమ్మన్నదొర వంటి వారు నాయకులైనారు. చంద్రయ్య దళం అడ్డతీగల పోలీసు ఠాణాను తగలబెట్టింది. తర్వాత నెలలో పితూరీ విశాఖపట్నం వైపు గొలుగొండ కొండలకు పాకింది.

తమ్మన్నదొర దళం ఎట్లా పోరాడేది అంటే, ఎదురుగా నిలబడి కొట్లాడేది కాదు. కొండ దారులు వాళ్ళకు తెలుసు, పటాలానికి తెలియవు. ఠాణా మీద పడటం, దొరికిన తుపాకులు తీసుకోవడం, తెల్లారేసరికి ఇంకొక కొండ మీద ఉండటం. గూడేల వాళ్ళు వారికి అంబలి పోసేవారు, కబురు ఇచ్చేవారు. పటాలం వస్తే గూడెంలో ఒక్కరికీ నోరు పెగిలేది కాదు. అందువల్లనే చిన్న దళాలు అంత పెద్ద ప్రభుత్వాన్ని అన్ని నెలలు తిప్పలు పెట్టినాయి. జోరు మీద ఉన్నప్పుడు పితూరీ దాదాపు 5,000 చదరపు మైళ్ళ నేల మీద ఉన్నదని చరిత్రకారులు రాసినారు.

ప్రభుత్వం ఊరికే ఉండలేదు. కొన్ని వందల పోలీసులను పంపింది. చాలక మద్రాసు కాల్బలం ఆరు పటాలాలు, దారులు వేసే సాపర్లు మైనర్ల కంపెనీలు రెండు, గుర్రపు దండు పంపింది. హైదరాబాదు కంటింజెంటు నుంచి కూడా సైన్యం తెప్పించింది. ఇంత సైన్యం దేని మీదకు? చెట్టు మీద పన్ను కట్టం అన్న గూడేల మీదకు.

మన రేకపల్లి కూడా లేచింది

1879 జూలైలో పితూరీ మన భద్రాచలం తాలూకాలోకి వచ్చింది. రేకపల్లి వైపు గూడేలు లేచినాయి. అంబుల్ రెడ్డి మనుషులు వడ్డిగూడెం పోలీసు ఠాణా మీద పడినారు. ఇక్కడ కోపానికి కారణం పోడు. ముందు చెప్పినాను కదా, 1874లో ఈ నేలను మధ్య పరగణాల నుంచి తీసి మద్రాసులో కలిపినారు. మధ్య పరగణాలలో ఉన్నప్పుడు పోడు మీద పెద్దగా అడ్డు లేకుండె. మద్రాసు వాళ్ళు వచ్చినాక పోడు పన్ను సుమారు మూడు రెట్లు అయింది. కొన్ని అడవుల్లో అసలు పోడే కొట్టవద్దన్నారు. కొండరెడ్లకు, కోయలకు పోడు లేకపోతే జొన్న లేదు, సామ లేదు, కంది లేదు. రంపలో చెట్టు, రేకపల్లిలో పోడు. రెండు చోట్లా ఆకలే ముందు నడిచింది, బాణం దాని వెనుక నడిచింది.

మల్కనగిరి దొర

1880 వచ్చేసరికి రోజులు గడ్డుగా మారినాయి. నాయకులు ఒక్కొక్కరుగా పట్టుబడుతున్నారు. ఫిబ్రవరిలో చంద్రయ్య చనిపోయినాడు. పట్టిస్తే బహుమానం ఇస్తామని ప్రభుత్వం చాటింపు వేసింది. కొందరు ముఠాదారులు భయంతో, కొందరు ఆశతో ప్రభుత్వం వైపు పోయినారు. తమ్మన్నదొర కూడా లొంగిపోయి ఉండవచ్చు. ఆయన లొంగలేదు. శబరి, సీలేరు దాటి మల్కనగిరి కోయల దగ్గరకు పోయినాడు.

అప్పుడు మల్కనగిరి జైపూరు జమీందారీలో ఉండేది. అక్కడి కోయలు కూడా జమీందారు మనుషులతో, పోలీసులతో విసిగిపోయి ఉన్నారు. వారికి తమ్మన్నదొర పరాయివాడు కాడు. అదే భాష, అవే గోత్రాలు, అదే భూమి పండుగ. 1880 ఏప్రిల్‌లో ఆయన దళం పొడియా పోలీసు ఠాణాను కొట్టింది. ఆయనను పట్టుకోవడానికి హైదరాబాదు వైపు నుంచి వచ్చిన దండు మోటు దగ్గర ఎదురుపడింది. ఆ దండు ఓడిపోయి వెనక్కి పోయింది. అప్పుడు కోయలు తమ్మన్నదొరను మల్కనగిరికి దొరగా ఒప్పుకున్నారు. ఒడిశా వాళ్ళు ఆయనను తమ్మ దొర అంటారు, తమ చరిత్ర పుస్తకాల్లో రాసుకున్నారు. మన పిల్లలకు మాత్రం ఆ పేరు అంతగా తెలియదు.

ఆ దొరతనం కొన్ని నెలలే. వాన కాలం వచ్చింది. 1880 జూలై 28న అడవిలో పోలీసులు ఆయనను కాల్చి చంపినారు. ఆయన పోయినాక కొన్ని నెలల్లో పితూరీ ఆరిపోయింది. దొరికిన వారిలో చాలామందికి జైలు శిక్షలు పడినాయి. కొందరిని సముద్రం దాటించి అండమాన్ దీవులకు పంపినారు. గోదావరి తప్ప పెద్ద నీళ్ళు చూడనివాళ్ళు ఆ ఓడలో ఏమనుకున్నారో తలుచుకుంటే కడుపులో దేవినట్లు అవుతుంది.

ఆఫ్రికాలో ఇట్లాంటి కథే

సోషల్ పాఠంలో ఆఫ్రికాను యూరపు దేశాలు పంచుకున్న సంగతి చదివినాం. తమ్మన్నదొర చనిపోయిన పదేండ్లకు ఆఫ్రికాలో జర్మనీ వాళ్ళు తూర్పు తీరం నుంచి లోపలికి వచ్చినారు. ఆ దేశం పేరు ఇప్పుడు టాంజానియా. అక్కడ హేహే అనే జాతి ఉంది. వారి నాయకుడు మ్క్వావా. 1891 ఆగస్టు 17న లుగాలో అనే చోట హేహే వాళ్ళు పొదల్లో కాచుకొని జర్మనీ దండు మీద ఈటెలతో పడినారు. ఆ దండు నాయకుడు కూడా చనిపోయినాడు. జర్మనీ వాళ్ళు మూడేండ్లకు ఫిరంగులతో మళ్ళీ వచ్చి 1894లో మ్క్వావా కోట కలెంగాను పడగొట్టినారు. ఆయన అడవిలో నాలుగేండ్లు తిరుగుతూ పోరాడినాడు. 1898 జూలై 19న చుట్టుముట్టినప్పుడు పట్టుబడటం ఇష్టం లేక తనను తానే కాల్చుకున్నాడు. ఆయన పుర్రెను జర్మనీకి తీసుకుపోయినారు. 1954లో గానీ అది తిరిగి ఆయన జనానికి చేరలేదు.

తమ్మన్నదొరకు మ్క్వావా తెలియదు, మ్క్వావాకు తమ్మన్నదొర తెలియదు. వారి మధ్య ఒక సముద్రం ఉంది. అయినా ఇద్దరూ అడవినే కోటగా చేసుకున్నారు, ఇద్దరూ జూలై నెలలోనే పోయినారు. ఒకచోట తెల్లవాళ్ళు ఇంగ్లీషు, ఇంకొకచోట జర్మనీ. ఒక తేడా మాత్రం ఉంది. మ్క్వావా పుర్రెను ఆయన జనం అడిగి అడిగి తెచ్చుకున్నారు. ఇప్పుడు అది కలెంగాలో ఉంది, పిల్లలు పోయి చూస్తారు. మనం తమ్మన్నదొర పేరును ఇంకా తెచ్చుకోవలసి ఉంది.

ఓడిపోయినారా

తమ్మన్నదొర ఓడిపోయినాడు కదా అని కొందరు అనవచ్చు. నేను కూడా మొదట అట్లాగే అనుకున్నాను. కానీ తర్వాత ఏమైందో చూడండి. విచారణ కోసం ప్రభుత్వం మద్రాసు నుంచి సలివాన్ అనే పెద్ద అధికారిని పంపింది. జనం చెప్పిన బాధలు నిజమే అని ఒప్పుకున్నారు. మన్సబుదారు పదవి పోయింది. ముఠాదారులకు వారి ముఠాలు పట్టాల మీద ఇచ్చినారు. చిగురుపన్ను తీసేసినారు. ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడానికి అడ్డు తొలగించినారు. జనం లేవకముందు అర్జీలు పెట్టినా వినని ప్రభుత్వం లేచిన తర్వాత విన్నది.

ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1917లో ఒక చట్టం వచ్చింది. 1959లో భూమి బదలాయింపు నిబంధన వచ్చింది. దానిని 1970లో గట్టి చేసినారు. అదే మన గూడేల్లో అందరి నోట వినే వన్ ఆఫ్ సెవంటీ. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఇవి ఎవరో దయతో ఇచ్చినవి కావు. ఒక్కొక్క చట్టం వెనుక ఒక్కొక్క పితూరీ, ఒక్కొక్క పోరాటం ఉంది. కానీ చట్టం కూడా కాగితమే. చదవడం వచ్చినవాళ్ళ చేతిలో ఉంటేనే అది మనకు పని చేస్తుంది. లేకపోతే వేలిముద్ర వేయించుకున్నవాడికే పని చేస్తుంది.

ఇప్పుడు రేకపల్లి, వడ్డిగూడెం ఉన్న వర రామచంద్రపురం మండలం పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాల్లో ఉంది. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు ఆ వైపు గూడేల కష్టం మనం చూసినాం. పోరాటం జరిగిన నేల నీళ్ళ కిందికి పోయినా, అక్కడ ఏం జరిగిందో మన నోట్లో ఉండాలి. నోట్లో ఒక్కటే ఉంటే చాలదు, రాత కూడా ఉండాలి.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. మన బడిలో జూలై 4న అల్లూరి సీతారామరాజు జయంతి చేస్తాం. ఆగస్టు 9న ఆదివాసీ దినం చేస్తాం. ఆ రెండింటి నడుమ జూలై 28 ఉంది. ఆ రోజు ప్రార్థన అయినాక తమ్మన్నదొర పేరు ఒక్కసారి చెప్పి, రెండు నిమిషాలు నిలబడే అవకాశం ఇవ్వండి. ఖర్చు ఏమీ లేదు. అడవి పూలు మేము తెస్తాం.

చెల్లెళ్ళారా, సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ తాతలను, అమ్మమ్మలను కూర్చోబెట్టి పితూరీ సంగతులు అడగండి. వాళ్ళు చెప్పింది నోటుబుక్కులో రాసుకొని రండి. వచ్చే నెల గోడపత్రికలో వేద్దాం.

జోహార్ కారం తమ్మన్నదొర!

— 9వ తరగతి విద్యార్థిని